బండి కొట్టం నుంచి కారు షెడ్డు దాకా

కోటలు కట్టించిన రాజుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ పేర్లు గుమ్మం పక్కన పాలరాతి పలక మీద ఉంటాయి. పెరట్లో ఓ మూల నాలుగు గుంజలు పాతి, పైన ఏదో ఒక కప్పు వేసినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. అయినా ఒక సంసారం ఎప్పుడు బాగుపడిందో, ఎప్పుడు చితికిందో, ఏ కాలంలో ఏ సామాను చవగ్గా దొరికిందో తెలుసుకోవాలంటే హాలుకన్నా, పడకటింటికన్నా పెరటి కొట్టాన్నే అడగాలి. ఇంటికి పండగ పండక్కీ సున్నం వేసి ముస్తాబు చేస్తాం. కొట్టానికి ముస్తాబు ఎవరు చేస్తారు? అందుకే అది ఉన్నదున్నట్టు చెబుతుంది.

సత్తుపల్లిలో మా పెరటి షెడ్డు పాతబడి, తక్కువ డబ్బులో కొత్తది వేయవలసి రావడంతో నాకీ చరిత్ర మీద ధ్యాస పుట్టింది. ఆ కట్టడం ఒక్కటే గానీ దానికి పేర్లు నాలుగు. మా మామగారు ఉన్నంతకాలం దాన్ని ‘బండి కొట్టం’ అనేవారు. మా అత్తగారి పుట్టిల్లు తిరువూరు వైపు కనక ఆవిడకది ‘బండి పాక’. మావారికి ‘కారు షెడ్డు’. పిల్లలకు ‘పార్కింగ్’. ఈ నాలుగు మాటలూ వరసగా పెట్టుకు చూస్తే నూరేళ్ళ కథ ఇట్టే తెలిసిపోతుంది.

మా ఊరి సంగతే అలాంటిది లెండి. ఒక పక్క అశ్వారావుపేట, భద్రాచలం అడవులు. ఇంకో పక్క కొద్ది మైళ్ళు పోతే పాత కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల పొలిమేరలు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా మేం వరంగల్లు జిల్లా వాళ్ళం. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రం వాళ్ళం. అందుకే మా నోట కొట్టమూ పలుకుతుంది, పాకా పలుకుతుంది.

ముందుగా బండి కొట్టం రోజుల్నించి మొదలుపెడదాం. ఎడ్లబండికి పెద్ద మర్యాదలేమీ అక్కర్లేదు. ఎండకు చక్రం కర్ర కుంచించుకుపోతే ఇనప పట్టా వదులవుతుంది. వానకు నానితే నొగలు చివికిపోతాయి. కాబట్టి దానికి కావలసింది నీడ. గోడలు లేకపోయినా ఫరవాలేదు, చూరు కిందికి వంగి ఉంటే చాలు. నడుమ నిట్రాటలు, వాటిమీద నడికొప్పు దూలం, అటూ ఇటూ వాసాలు, వాసాల మీద వెదురు బద్దలు, ఆపైన తాటాకో రెల్లుగడ్డో. దూలానికి చేవదేరిన తాటిమాను. గుంజలకు మద్దికర్ర. కట్లకు అడవిలో దొరికే అడ్డతీగ నార. ఇనప మేకు ఒక్కటి లేకుండా కొట్టం మొత్తం లేచి నిలబడేది.

వెదురు విషయంలో పెద్దవాళ్ళకో లెక్కుండేది. కొట్టుకొచ్చిన వెదుర్ని వెంటనే వాడకుండా కొన్ని వారాలు చెరువు నీళ్ళలో నానేసేవారు. వెదుర్లో ఉండే పిండి పదార్థం కోసమే పురుగు దాన్ని తొలుస్తుందనీ, నీళ్ళలో ఆ పిండి కరిగిపోతే పురుగుకి దానిమీద ఆశ ఉండదనీ ఇవాళ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మన తాతలకు పిండి పదార్థం సంగతి తెలియకపోయినా, పురుగు సంగతి బాగా తెలుసు.

ఆ కాలంలో మా వైపు ఊరి సరుకే ఎందుకు వాడేవారంటే దానికి ఇంకో కారణం కూడా ఉంది. నిజాం ప్రభుత్వపు సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద కరోడ్‌గిరి అనే సుంకం ఉండేది. బెజవాడ వైపునుంచి ఏది తెచ్చినా ధరకు తోడు సుంకం. సుంకం లేకుండా దొరికేవి చేలగట్టు మీది తాటిచెట్టూ, పక్కనున్న అడవీను.

“ఆ రోజుల్లో కొట్టానికి పైసా ఖర్చయ్యేది కాదు” అని మగవాళ్ళు గొప్పగా చెబుతుంటారు. పైసా కాకపోవచ్చు. తాటాకు కప్పు రెండు మూడేళ్ళకోసారి విప్పి మళ్ళీ కప్పాలి. తొలకరి ముందు ఆకులు మోసిందెవరు? తడికెలు అల్లిందెవరు? వానాకాలం పోయాక నేల అలికి, పేడకళ్ళు ఎత్తి, ఎలుక బొరియలు పూడ్చిందెవరు? ఆ చాకిరీకి ఏ పద్దులోనూ చోటు లేదు, కాబట్టి అది ఖర్చు కాలేదు. అంతకుమించిన ఖర్చు భయం. వేసవిలో గాడ్పు తోలేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, కొట్టమూ, గడ్డివామూ, పక్కవాళ్ళ ఇల్లూ ఒకేసారి అంటుకోవడానికి. వంటింటికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా కొట్టం వేసేవారంటే అందుకే. పాత ఇళ్ళలో ఇవాల్టికీ కారు షెడ్డు పెరటి చివరన ఎందుకుంటుందని పిల్లలడిగితే, మోటారు వచ్చింది గానీ నిప్పుకు భయపడి ఎంచుకున్న చోటు మారలేదని చెప్పండి.

ఇక మోటారు కథ. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఇంగ్లండుకు ఒక రోల్స్‌రాయిస్ కారు పురమాయించారు. లోపల సింహాసనం లాంటి ఆసనం. అది ఊరు చేరకముందే ఆయన కాలం చేశారు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ఎప్పుడోగాని బయటికి తియ్యలేదు. అంటే మన రాష్ట్రంలో పేరుపడ్డ మొదటి కార్లలో ఒకటి దాదాపు జీవితమంతా షెడ్డులోనే గడిపిందన్నమాట! మామూలు జనానికి మోటారంటే తెలిసింది బస్సు వచ్చాకే. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. తర్వాత తర్వాత అదే ఆర్టీసీ అయింది. బస్సులూ లారీలూ వచ్చిన కొద్దీ వాటిని నిలిపే చోటుకు ‘షెడ్డు’ అనే మాట స్థిరపడింది. ‘గ్యారేజి’ అనేది ఫ్రెంచివాళ్ళ మాట, బండిని భద్రంగా ఒక పక్కకు చేర్చడం అనే అర్థంలోంచి పుట్టింది. మనవాళ్ళు దాన్ని రిపేరు షాపుకు ఇచ్చేసి, ఇంట్లో ఉన్నదానికి షెడ్డనే పేరు ఖాయం చేసుకున్నారు.

ఇళ్ళలోకి కారు రావడమంటే మా వంటి ఊళ్ళలో చాలా ఏళ్ళపాటు అంబాసిడర్ రావడమే. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1957 నుంచి 2014 దాకా తయారైన బండి అది. దాని పొడవు 14 అడుగుల పైచిలుకు, వెడల్పు అయిదున్నర అడుగులు. నొగలు పైకెత్తి నిలబెట్టే ఎడ్లబండి కోసం వేసిన కొట్టంలో ఇది పట్టదు. దాంతో ఊళ్ళో చాలా కొట్టాలకు ముందువైపు ఒక అంకణం పెరిగింది. ఆ తర్వాత 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. నిండా 11 అడుగులు లేదు. పొడిగించిన షెడ్డులో మారుతి పెట్టాక నాలుగడుగులు మిగిలాయి. ఆ మిగిలిన చోటులోకి పాత మంచాలు, విరిగిన ఉయ్యాల, పచ్చడి జాడీలు, ధాన్యం బస్తాలు చేరాయి. మీ ఇంట్లోనూ చేరే ఉంటాయి. కారు షెడ్డు అని పేరేగానీ అందులో సగం మన సామానే!

అసలు మార్పు బండిలో కాదు, కప్పులో వచ్చింది. పెరటి కప్పుల పుట్టిళ్ళు వెతికితే దేశదేశాలు తగులుతాయి. ఒకదాన్నొకటి కరుచుకునే పెంకును 1841లో ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో జిలార్డోనీ సోదరులు కనిపెట్టారు. బాసెల్ మిషన్ తరఫున వచ్చిన ప్లెబ్స్ట్ అనే జర్మనీ ఆయన 1865లో మంగుళూరు దగ్గర నేత్రావతి ఒడ్డున ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. అదే మంగుళూరు పెంకు. మనవైపు చాలామంది దాన్ని బెంగుళూరు పెంకు అనేస్తారు. అది నిప్పంటుకోదు, చల్లగా ఉంటుంది. కానీ బరువెక్కువ, కింద కలప దండిగా కావాలి. పైగా కోతులు!

తర్వాత జింకు రేకు. ముడతల ఇనప రేకుకు 1829లో లండన్ రేవుల్లో పనిచేసిన పామర్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. తుప్పు పట్టకుండా దానిమీద జింకు పూత పూసే పద్ధతి 1837 నాటికి సోరెల్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టాడు. రేకు తేలిక, గట్టిది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం మా ఖమ్మం జిల్లాలో దానికింద నిలబడి చూడండి, అప్పడం కాలినట్టు కాలుతుంది. వాన పడితే పక్కమనిషి మాట వినబడదు.

ఈ రెంటికీ మధ్య రాజీలాగా వచ్చింది సిమెంటు రేకు. రాతినారను సిమెంటుతో కలిపి పలచని రేకులుగా తీసే విద్యకు ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ 1901లో పేటెంటు పొందాడు. ‘శాశ్వతం’ అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీదుగా దానికి ఎటర్నిట్ అని పేరు పెట్టాడు. రాతినార మన దగ్గరా లేకపోలేదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆ గనులుండేవి. 1946లో హైదరాబాదు సనత్‌నగర్‌లో బిర్లాల ఫ్యాక్టరీ వచ్చింది. దాంట్లో తయారైన చార్మినార్ రేకులు తెలుగు దేశంలో ఎంత పాకాయంటే, కొన్ని ఊళ్ళలో సిమెంటు రేకుకు చార్మినార్ రేకనే పేరు.

ఎందుకంతగా నచ్చింది? కాలదు. తుప్పు పట్టదు. చెద పట్టదు. పెంకుకన్నా తేలిక కనక సగం కలప ఆదా. రెండు మూడేళ్ళకోసారి ఆకు మార్చే పని లేదు. ఆ రేకు వేసిన రోజున ఆ ఇంటి ఆడవాళ్ళు ఎంత ఊపిరి పీల్చుకుని ఉంటారో నేనూహించగలను. తాటాకు చాకిరీ, నిప్పు భయం రెండూ ఒక్కసారే వదిలాయి. కాబట్టి ఆ రేకు కొన్నవాళ్ళను ఇవాళ తప్పుపట్టడం న్యాయం కాదు.

ఊపిరి అన్నాను గనక అసలు సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో నెల్లీ కెర్షా అనే పనిమనిషి కాదు, పనిగత్తె ఉండేది. రాతినారతో దారం తీసే మిల్లులో చిన్నతనం నుంచీ పనిచేసింది. 1924లో, 33 ఏళ్ళకే ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, ఆ జబ్బు రాతినార ధూళి వల్ల వచ్చిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వైద్య పత్రికలకెక్కిన మొదటి రాతినార మరణాల్లో ఆమెది ఒకటి. తర్వాత 1965లో లండన్‌లో ఇద్దరు వైద్య పరిశోధకులు ఇంకొక సంగతి బయటపెట్టారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళకే కాదు, ఫ్యాక్టరీ గడప తొక్కని కొందరు ఇల్లాళ్ళకు కూడా వచ్చింది. వాళ్ళు చేసిందల్లా భర్తల పని బట్టలు దులిపి ఉతకడం!

అన్ని రకాల రాతినారా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. ఊపిరితిత్తులకే కాదు, ఆడవాళ్ళ అండాశయాలకు కూడా. ధూళి పీల్చిన నాటికీ జబ్బు బయటపడే నాటికీ మధ్య ఇరవై నుంచి నలభై ఏళ్ళు పట్టవచ్చు. అందుకే 1995లో మన సుప్రీంకోర్టు, ఈ కార్మికుల ఆరోగ్యం రికార్డులు ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళు లేదా పని మానాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి దాన్ని నిషేధించాయి. మన దేశంలో మాత్రం తవ్వకాలు ఆగినా, బయటి దేశాల నారతో రేకుల తయారీ సాగుతూనే వచ్చింది.

ఇది చదివి, పైన సిమెంటు రేకు ఉన్నవాళ్ళు హడలిపోనక్కర్లేదు. చెక్కుచెదరని రేకులో నార సిమెంటులో బిగిసి ఉంటుంది. ప్రమాదమంతా దాన్ని పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పైపొర పొడి రాలినప్పుడు. అంటే షెడ్డు నిలబడి ఉన్నంతకాలం కాదు, షెడ్డు విప్పే రోజు ప్రమాదం. తక్కువ డబ్బులో పని కావాలనుకునే మనం ఆ రోజు చేసేదేమిటి? ఇద్దరు కూలీలను పెట్టి సుత్తితో ధబధబా బాదించి, ముక్కలు పెరట్లోకి తోయించి, ఆపైన చీపురు పట్టుకుని మనమే దిగుతాం. లండన్ ఇల్లాళ్ళు బట్టలు దులిపిన పనీ, మనం చీపురుతో చేసే పనీ వేరు కాదు.

మా మేస్త్రి కూడా మొదట అదే అన్నాడు. “అమ్మగారూ, ఒక్క పూటలో పగలగొట్టేస్తాం, విప్పుకుంటూ కూచుంటే రెండ్రోజుల కూలి” అని. ఆ రెండో రోజు కూలి దండగ కాదని అతనికి చెప్పడానికే నాకీ చరిత్రంతా పనికొచ్చింది. రేకుల్ని ముందు నీళ్ళతో బాగా తడపాలి. కొక్కేల మరలు విప్పి, విరగకుండా ఒక్కొక్కటే దించాలి. కోయకూడదు. చిమ్మకూడదు, తడిగుడ్డతో ఎత్తాలి. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు ఈ సన్నని నారను ఆపలేదు, అందుకు తగిన మాస్కులు వేరే ఉంటాయి. పిల్లల్ని ఆ పూట ఇంకో ఇంటికి పంపాలి. ఆ బట్టలు దులపకుండా నీళ్ళలో ముంచాలి, ఇంట్లో బట్టలతో కలపకూడదు. దించిన రేకుల్ని పాలిథిన్ పట్టాలో చుట్టి, ఎక్కడ వెయ్యాలో మున్సిపాలిటీ వాళ్ళను అడగాలి. కోళ్ళగూటికీ, స్నానాలదొడ్డికీ ఇస్తామని ఇరుగుపొరుగు అడిగితే, ఉదారంగా ఇచ్చెయ్యడం ఉపకారం కాదు.

ఇక కొత్తదాని మాట. తక్కువలో కట్టే విద్యకు మన దేశంలో పెద్ద గురువు లారీ బేకర్. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టి, మన దేశానికొచ్చి స్థిరపడి, కేరళలో వేలాది మంది సామాన్యులకు పనికొచ్చే ఇళ్ళు కట్టి, 1990లో పద్మశ్రీ అందుకుని, 2007లో కన్నుమూశారు. ఇంటి సామానంతా అయిదు మైళ్ళ లోపల దొరికేదై ఉండాలన్న గాంధీగారి మాట తన మీద పనిచేసిందని ఆయన చెప్పుకొనేవారు. మా బండి కొట్టం కట్టినవాళ్ళు ఆ మాట వినకుండానే పాటించారు! ఇటుకల్ని పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి, నడుమ గుల్ల వదిలి కట్టే పద్ధతిని బేకర్ బాగా ప్రచారం చేశారు. దాన్ని ఎలుకబోను కట్టుబడి అంటారు. నాలుగు ఇటుకలు పట్టేచోట మూడు సరిపోతాయి. గుల్లలో గాలి ఉండటం వల్ల వేడి కూడా తక్కువ.

ఇటుక మా జిల్లాలో బూడిద ఇటుక. పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ కేంద్రం 1966 నుంచి బొగ్గు కాలుస్తూ వచ్చింది. అక్కడి పాత యూనిట్ల కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో పడగొట్టేశారు గానీ, కొత్త యూనిట్లు పనిచేస్తున్నాయి. అలాంటి కేంద్రాల బూడిద ఇటుకలకు వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. అన్నీ ఒకే కొలతలో ఉంటాయి కాబట్టి సిమెంటు కూడా తక్కువ పడుతుంది.

అన్నిటికన్నా ముందు చెయ్యవలసింది కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోవడం. షెడ్డు దేనికి? కారుకు నీడ కోసమే అయితే నాలుగు గోడలూ తలుపూ అక్కర్లేదు, బండి కొట్టం సూత్రమే చాలు. పడమటి ఎండ వచ్చే వైపు ఒక్క గోడ, మిగతా వైపులు ఖాళీ. చిన్నకారుకు పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు ఉంటే తలుపు తీసుకుని దిగవచ్చు. సామాను గది కూడా కావాలనుకుంటే అది వేరే లెక్క, ఆ లెక్క కారు మీద వెయ్యకండి. తర్వాత పాతదాంట్లో ఏమేం మిగిలాయో చూడాలి. మా కొట్టంలో మద్ది గుంజలు మూడు, తాటిదూలం ఒకటి ఇంకా రాయిలా ఉన్నాయి. గుంజల అడుగులు మట్టిలో కాకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెడితే ఇంకో తరం వస్తాయి. కప్పుకు రంగు పూసిన ఇనప రేకు. దాని కింద జానెడు ఎడంగా వెదురు తడికె కడితే వేడి విరుగుతుంది. ఆ ఎడంలోంచి గాలి పోతుంది, అంతే రహస్యం. వెదురుకు ఇప్పుడు చెరువు బదులు బోరాక్సు, బోరిక్ పొడి కలిపిన నీళ్ళు.

లెక్క వేసి చూసుకుంటే మూడు కప్పులూ చవకవే. తాటాకుకు డబ్బు అక్కర్లేకపోయింది, ఆడవాళ్ళ ఒళ్ళు అరిగింది. సిమెంటు రేకు డబ్బులో చవక, ఎక్కడో ఫ్యాక్టరీలోనో, విప్పే రోజున పెరట్లోనో ఎవరి ఊపిరో అరిగింది. ఈసారి మనం వేసేదాని మీద కూడా ఎవరి వాటా పడుతుందో ముందే అడగడం మంచిది. ఇంటి ఖర్చు రాసే పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీస్తే సరిపోతుంది. మా పుస్తకంలో ఈసారి రెండో రోజు కూలి, నాలుగు మాస్కులు, ఒక పాలిథిన్ పట్టా, రెండు డ్రమ్ముల నీళ్ళు ఆ గడిలో చేరాయి. మొత్తం షెడ్డు ఖర్చులో అది చిన్న వాటా. మీ ఇంట్లో సిమెంటు రేకు విప్పే ముచ్చట ఉంటే మేస్త్రితో బేరం ఆ గడితోనే మొదలుపెట్టండి, కప్పు ధర సంగతి తర్వాత.